వేడిని యాడ పారబోస్తాండారప్పా?

మా ఇంటి ముందర అరుగు మీద నాకొక చోటుంది. పొద్దు గూకే వేళకు నేను ఎక్కడుంటానో పాములపాడులో ఎవరినీ అడగాల్సిన పని లేదు. నలభై ఏండ్లుగా అదే చోటు. పోయిన ఎండాకాలం పక్కింటాయన కొత్తగా ఏసీ పెట్టించుకున్నాడు. పెట్టించుకోనీ, ఆయన డబ్బు, ఆయన చెమట. అయితే గది లోపల చల్లపెట్టె ఒకటుంటే గోడ బయట వేడిపెట్టె ఇంకొకటి ఉండాలంట. బిగించడానికొచ్చిన పిల్లోడు దాన్ని కొలత పెట్టినట్టు సరిగ్గా నా అరుగుకు ఎదురుగా బిగించి పోయినాడు. అప్పట్నుంచి నేను తువ్వాల దులిపి కూర్చునేదే ఆలస్యం, ఇటుకల బట్టీ మూతి తెరిచినట్టు మొగం మీద సెగ.

"ఏమప్పా, నీ ఇంట్లో వేడి తెచ్చి నా ఒళ్లో పోస్తాండావు?" అని అడిగినాను. ఆయన నొచ్చుకోలేదు. "లోపలికి రా మామా, చల్లగా ఉంది" అన్నాడు. మనిషిని బయట ఉడకబెట్టి లోపలికి పిలవడం ఈ కాలం మర్యాద గాబోలు.

మా రోజుల్లో ఇట్ల కాదు. ఇల్లే చల్లపెట్టె. మా నాయన కట్టించిన మట్టిమిద్దె గోడలు రెండడుగుల మందం. రాయి, మట్టి తప్ప సిమెంటు వాసన ఆ గోడలకు తెలీదు. పైన దూలాలు, దూలాల మీద దంతెలు, వాటి మీద బోద పరిచి జానెడు మట్టి, ఆ మట్టి మీద చవుడు. ఏటేటా వానలకు ముందర బండ్లతో చవుడు తోలుకొచ్చి పరచకపోతే మిద్దె కురిసేది. నడిమింట్లో పైకప్పుకు గవాచి ఉండేది. వెలుతురు దాంట్లోంచే దిగేది, లేచిన వేడిగాలి దాంట్లోంచే బయటికి పోయేది.

ఆ గోడ చేసే పని ఒకటే, ఆలస్యం చేయడం. పొద్దున గోడెక్కిన ఎండ నిదానంగా లోపలికి దిగేసరికి రాత్రయ్యేది. అప్పటికి లోపల ఎవరుంటేగా! మిద్దె మీద నీళ్లు చల్లి, ఈతచాపలు పరుచుకుని, చుక్కలు లెక్కపెట్టుకుంటా పడుకునేవాళ్లం. మిద్దె తాగిన వేడంతా తెల్లారేలోగా ఆకాశంలోకి పోయేది. ఎవరి అరుగు మీదికీ పోయేది కాదు.

ఇంక కుండ సంగతి. ఉగాదికి కొత్త కుండ రావాల్సిందే. మూలకు ఇసుక పోసి, దాన్ని తడిపి, మీద కుండ పెట్టి, చుట్టూ తడిగుడ్డ చుట్టేవాళ్లు. తెల్లారేసరికి కుండ ఒళ్లంతా చెమట. ఆ చెమటలోనే ఉంది విద్య. ఒక గ్రాము నీళ్లు ఆవిరి కావాలంటే సుమారు 580 క్యాలరీల వేడి మింగాలి. ఆ వేడిని అది లోపలున్న నీళ్ల దగ్గరే గుంజుకుంటుంది. కాగితం మీద లెక్క కడితే ఒక చెంబు నీళ్లు ఆవిరయితే 58 చెంబుల నీళ్లు పది డిగ్రీలు చల్లబడాలి. బయటి వేడి కూడా దూరుతా ఉంటుంది గాబట్టి నిజంగా అంత కుదరదు, అయినా తక్కువ బేరమేం కాదు. మా నంద్యాల వైపు గాలి పొడిగాలి. అందుకే ఇక్కడ చెమర్చినట్టు కుండ బందరులో చెమర్చదు, అక్కడి గాలికి ముందే నీళ్లతో కడుపు నిండి ఉంటుంది. ఒక ఎండాకాలం గడిచిందంటే మా బావినీళ్ల ఉప్పు కుండ సందుల్లో పేరుకుని దానికి చెమట పట్టడం ఆగిపోయేది. ఏటా కొత్త కుండ కొనేది అందుకే గానీ కుమ్మరాయన మీద ప్రేమతో కాదు.

ఐసు అంటే పెండ్లిళ్లకే. నంద్యాల నుంచి గడ్డలు గడ్డలుగా, రంపపు పొట్టులో పొర్లించి, గోనెసంచిలో చుట్టి బస్సు మీద వేసుకొచ్చేవాళ్లు. ఇంటికొచ్చేసరికి సగం దారికే ఇచ్చేసి ఉండేది. మిగిలిన దాన్ని సుత్తితో కొట్టి నన్నారిలో వేసేవాళ్లు. నల్లమలలో దొరికే సుగంధి వేళ్ల నుంచి కాచిన ఆ నన్నారి వాసన ఇప్పుడు ఏ సీసాలోనూ రావడం లేదు. సీసా మారిందో నా ముక్కే మారిందో, ఆ సంగతి ఇప్పుడొద్దు.

ఇప్పుడేమో మా కూతురిల్లు చూడండి. ఆళ్లగడ్డకిచ్చినాం. అక్కడ రాతిని దేవుడిగా చెక్కే శిల్పులు నడిమధ్యాన్నం కూడా కొట్టాల కింద కూర్చుని ఉలి ఆడిస్తుంటారు. వాళ్ల పక్క వీధిలోనే మావాళ్లు బేతంచెర్ల బండలు పరిచిన పాత మిద్దెను పడగొట్టి స్లాబు వేసినారు. అయిదంగుళాల స్లాబు. మధ్యాన్నం మూడింటికే ఎండ దాంట్లోంచి నేలకు దిగుతుంది, రాత్రి పన్నెండయినా పోనంటుంది. పడమటి దిక్కు గోడంత అద్దాల కిటికీ. ఎండను పిలిచి పీట వేసి కూర్చోబెట్టి, దాన్ని తోలడానికి రెండు ఏసీలు. తెలంగాణలోనయితే 2023లో అక్కడి ప్రభుత్వం చల్లని పైకప్పుల విధానమని ఒకటి తెచ్చింది, 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పులకు ఎండను వెనక్కి కొట్టే తెల్లపూత వేయాలని. మంచిదే. ఎండకు తెలుపు గిట్టదని మా అవ్వకు తెలుసు, సున్నం డబ్బా పట్టుకుని ఎక్కేది. ఆమెకు తెలిసినదాన్ని విధానమని పిలుస్తారని మాత్రం ఆమెకు తెలీదు.

ఏసీలే వద్దనడానికి నేనేం పిచ్చోన్ని కాదు. 2024 ఎండాకాలంలో నంద్యాల 46 డిగ్రీలు దాటింది. టీవీలో మా ఊర్ల పేర్లు రావడమే అరుదు, వచ్చినరోజు కూడా ఎండకే వచ్చినాయి. ఆ ఎండలో ముసలిప్రాణాలకు చల్లగది ఒక మందు. నాకు కోపం చల్లదనం మీద కాదు. వేడిని ఎక్కడ పారబోస్తున్నారో ఎవరూ అడగకపోవడం మీద.

పక్కింటాయనకు ఒకరోజు బనకచెర్ల పేరెత్తి చెప్పినాను. మా మండలంలోదే కదా ఆ క్రాస్ రెగ్యులేటరు. శ్రీశైలం నీళ్లు పోతిరెడ్డిపాడు దగ్గర కాలువ ఎక్కి బనకచెర్లకు వస్తాయి. అక్కడ గేట్లెత్తి తెలుగుగంగకు ఇన్ని, ఎస్సార్బీసీకి ఇన్ని, కేసీ కాలువ దిక్కు ఇన్ని అని మళ్లిస్తారు. "ఆ గేట్లు ఒక్క చుక్క నీళ్లయినా పుట్టిస్తాయా అప్పా? ఒక దిక్కుది ఇంకో దిక్కుకు తోలుతాయి, అంతే. నీ ఏసీ కూడా అంతే. చల్లదనం అది పుట్టించేది కాదు. నీ గదిలో వేడిని నా అరుగు మీదికి మళ్లిస్తాంది. మళ్లించేదానికి తిన్న కరెంటు కూడా వేడే గాబట్టి దాన్ని కూడా కలిపి పోస్తాంది." ఆయన కాసేపు ఆలోచించి, "కాలువకు పర్మిషన్ ఉండాల్నా మామా?" అన్నాడు. నవ్వులాట.

ఆ కరెంటు కథ కూడా వింతే. మా జిల్లాలోనే గని దిక్కు వేల ఎకరాల్లో సోలారు పలకలు పరిచినారు. 1000 మెగావాట్లంట, 2017లో పూర్తయింది. ఎండను పట్టి కరెంటు చేస్తారు, ఆ కరెంటుతో ఎండను ఇంట్లోంచి తరుముతారు. ఆ తరిమే పెట్టెలు కూడా మన రాష్ట్రంలోనే, శ్రీసిటీలో తయారవుతున్నాయి. డైకిన్, బ్లూస్టార్ కర్మాగారాలు 2023లో అక్కడ మొదలైనాయి. పిల్లోళ్లకు ఉద్యోగాలొచ్చినాయి, సంతోషం.

ఇంక గ్యాసు. మా కూతురింటికి ఏటా మార్చిలో ఒక మెకానిక్కు వస్తాడు. గేజీ తగిలించి చూసి, డాక్టరు తల ఆడించినట్టు ఆడించి, "గ్యాస్ లేదండీ" అంటాడు. నేనడిగే ప్రశ్న ఒకటే, పోయిన ఏడు పోసిన గ్యాసు యాడికి పోయింది? "లీకు" అంటాడు. లీకయితే గాల్లోకే కదా! పాత ఏసీల్లో ఆర్-22 అనే గ్యాసు ఉండేది, అది ఆకాశంలో ఓజోను పొరను కొరికేది. అటువంటి వాటిని మాన్పించడానికి 1987లో మాంట్రియల్‌లో దేశాలు కూర్చుని ఒప్పందం రాసుకున్నాయి. దాని బదులు ఆర్-410ఏ వచ్చింది. ఇది ఓజోను జోలికి పోదు గానీ, ఒక కిలో గాల్లో కలిసిందంటే రెండు టన్నుల బొగ్గుపులుసు వాయువు కలిసినంత చేటు. ఇప్పుడు కొత్త ఏసీల్లో పోస్తున్న ఆర్-32 అందులో మూడోవంతు చేటు చేస్తుంది, అంటే బొగ్గుపులుసు వాయువుకు 675 రెట్లు. దొంగ పోయి చిన్నదొంగ వచ్చినట్టు. ఈ గ్యాసులను కూడా తగ్గించాలని 2016లో ఆఫ్రికాలోని కిగాలీలో ఇంకో ఒప్పందం రాసుకున్నారు. మనదేశం 2021లో సరే అంది. 2032 నుంచి మెట్టు మెట్టుగా దిగి 2047 నాటికి 85 శాతం తగ్గించాలి. అప్పటికి నేనుండను, నా అరుగు ఉంటుంది.

ఇదంతా ఈ మధ్య మా మనవరాలు, ఆళ్లగడ్డ పిల్ల, సెలవులకు వచ్చినప్పుడు ఆమె ముందర ఏకరువు పెట్టినాను. ఆమె హైదరాబాదులో పదార్థశాస్త్రం చదువుతాంది. అంతా విని, వంటింట్లోకి పోయి, కూరగాయల కవరుకు చుట్టిన రబ్బరు బ్యాండు ఒకటి ఊడదీసుకొచ్చింది. లావుపాటిది.

"తాతా, మూతి ముందుకు పెట్టు."

"ఎందుకే?"

"పెట్టు, చెప్తా."

పెట్టినాను. లోపల్నుంచి మా ఆమె కిసుక్కుమనడం వినపడింది. పిల్ల ఆ రబ్బరును రెండు చేతుల్తో టక్కున సాగదీసి నా పై పెదవికి తాకించింది. గోరువెచ్చగా ఉంది. సాగదీసే ఉంచి, అరనిమిషం గాలికి పట్టి, మళ్లీ పెదవి దగ్గరికి తెచ్చి ఒక్కసారి వదులు చేసింది. ఈసారి చల్లగా తగిలింది. రెండోసారి, మూడోసారి నేనే చేసి చూసుకున్నాను. చిన్నప్పుడు సైకిలు ట్యూబు కోసి క్యాటర్‌బాల్ కట్టుకుని ఊర్లో చింతచెట్లన్నీ దులిపినోన్ని. ఎన్ని వేలసార్లు సాగదీసి ఉంటానో! ఒక్కసారయినా మూతికి ఆనించుకోలేదు. ఇంగ్లండులో జాన్ గఫ్ అనే ఆయన ఆనించుకున్నాడంట, 1805లోనే దాని గురించి అచ్చు వేసినాడంట. ఆయనకు చిన్నప్పట్నుంచీ కండ్లు కనపడవు. కండ్లున్న నేను చెట్టు మీద కాయ చూసినాను, కండ్లు లేని ఆయన రబ్బరులో వేడి చూసినాడు.

"ఇదే తాతా, గ్యాసు లేని ఏసీ" అంది పిల్ల. వీటిని కెలోరిక్ పదార్థాలంటారంట. నాకు అర్థమయ్యేదాకా నాలుగుసార్లు చెప్పించుకున్నాను. చివరికి నేనే గొర్రెల మందతో కుదుర్చుకున్నాను. పదార్థం లోపల అణువులు ఇష్టమొచ్చిన దిక్కుకు తిరుగుతా ఉంటాయి, బీట్లో మేసే మందలాగ. వాటిని అదిలించి దొడ్లోకి తోలి వరసలో నిలబెడితే ఆయాసం వేడిగా బయటికొస్తుంది. ఆ వేడిని అవతలికి తోలేసి దొడ్డి తడిక తీసినామంటే మంద మళ్లీ చెదిరి, చుట్టుపక్కల వేడినంతా మేసేస్తుంది. మేసిన చోటల్లా చల్లబడుతుంది. ఇప్పటి ఏసీ చేసేదీ ఇదే ఆట, కాకపోతే అక్కడ మంద గ్యాసు. నొక్కితే వేడెక్కుతుంది, వదిలితే చల్లబడుతుంది. సైకిలుకు గాలి కొట్టేటప్పుడు పంపు గొట్టం చేతికి చురుక్కుమనేది అందుకే. ఇక్కడ మంద గట్టి పదార్థం. దొడ్లోంచి తప్పించుకుని ఆకాశానికి ఎగిరిపోయే గొర్రె ఒక్కటీ ఉండదు.

మంద ఒకటే గానీ కాపరులు నలుగురు. గుంజి వదిలే కాపరి ఒకడు. దీనికి రబ్బరే కాకుండా నికెలు, టైటానియం కలిపిన లోహం బాగా పనికొస్తుంది. రక్తనాళాల్లో వేసే కొన్ని స్టెంట్లలోనూ, పిల్లల పండ్లకు కట్టే తీగల్లోనూ ఉండేది ఆ లోహమే. అయస్కాంతంతో తోలే కాపరి ఇంకొకడు. వీడు పాతోడు. అమెరికాలో జియోక్ అనే ఆయన 1933లోనే ఈ పద్ధతిలో, సున్నా కంటే 273 డిగ్రీలు కింద ఉండే ఆ చిట్టచివరి చలికి పావు డిగ్రీ దాకా దిగినాడు. 1949లో ఆయనకు నోబెల్ వచ్చింది. గది వేడిమి దగ్గర పనిచేసే గడోలినియం అనే లోహంతో 1976లో నాసాలో జెరాల్డ్ బ్రౌన్ చేసి చూపించినాడు. ఆ గడోలినియం మన భీమిలి దిక్కు సముద్రపు ఇసుకలో దొరికే మోనజైటు ఖనిజంలో కూడా కొద్దికొద్దిగా ఉంటుందని పిల్ల చెప్పింది. మూడోవాడు కరెంటుతో తోలేవాడు. నాలుగోవాడు బరువుతో అణిచేవాడు. వీడికి 2019లో నియోపెంటైల్ గ్లైకాల్ అనే చౌక పదార్థం దొరికింది. రంగుల తయారీలో వాడే సరుకేనంట, మైనంలా మెత్తగా ఉంటుంది. బాగా నొక్కితే, గ్యాసులకు దీటుగా వేడిని కక్కి, మేసి చూపించింది. ఈ నలుగురిలో మొదటి కాపరి పద్ధతిని 2024లో ప్రపంచ ఆర్థిక వేదిక కొత్తగా ఎదుగుతున్న పది సాంకేతికాల్లో చేర్చింది.

విన్నాను గానీ ఊరికే ఒప్పుకుంటానా? "మరి అంగట్లో ఎందుకు లేదే?" అన్నాను. పిల్ల దాచలేదు. తీగను ఎగదిగ వంచితే తెగినట్టు, ఆ లోహాన్ని లక్షలసార్లు గుంజి వదిలితే బీటలిస్తుంది. ఒక్కసారి గుంజి వదిలితే వచ్చే చల్లదనం కొద్ది డిగ్రీలే. అందుకని వామి అంటుకున్నప్పుడు బిందెలు చేతులు మార్చుకున్నట్టు, ఒక ముక్క నుంచి ఇంకో ముక్కకు వేడిని అందించుకుంటా పోవాలి. అయస్కాంతాలు ఖరీదు. మైనం లాంటి దాన్ని నొక్కాలంటే మామూలు గాలి ఒత్తిడికి వందల రెట్లు కావాలి. ప్రయోగశాలలో పెట్టెలు నడుస్తున్నాయి గానీ మా పక్కింటాయన గోడ దాకా రావడానికి ఇంకా పనుంది.

"సరే, వచ్చిందనుకో. గ్యాసు పోదు, మంచిదే. గదిలో వేడి యాడికి పోతుంది?"

పిల్ల నవ్వింది. "బయటికే తాతా. ఇంకెక్కడికి పోతుంది?"

"చూసినావా!" అని తొడ చరిచినాను. "అణువులను నిలబెట్టినా, కూర్చోబెట్టినా, చివరికి నా అరుగు మీదికే! మా రోజుల్లో వేడి ఆకాశానికి పోయేది, ఎవరి నెత్తినా పడేది కాదు."

అప్పటిదాకా వంటింట్లో ఉన్న మా ఆమె చేతులు తుడుచుకుంటా బయటికొచ్చింది.

"ఎవరి నెత్తినా పడేది కాదా? ఆ కుండలోకి నీళ్లు యాడ్నుంచి వచ్చేవయ్యా? ఎండాకాలం ఊరిబావి ఎండితే చేలో బావికి పొయ్యేదాన్ని. నెత్తిన ఒకటి, సంకన ఒకటి. మిద్దె మీద చల్లిన నీళ్లు కూడా నేను మోసినవే. నువ్వు మధ్యాన్నం చల్లగా పండుకున్న ఆ ఇంట్లోనే మూలకు పొయ్యి ఉండేది, దాని ముందర నేనుండేదాన్ని. మీ వేడంతా నా నెత్తినే పడేది. నువ్వెప్పుడన్నా అడిగినావా, యాడ పారబోస్తాండామని?"

పిల్ల నా మొగం చూసింది. నేను రబ్బరు బ్యాండు వైపు చూసినాను. గవాచి గురించి ఇంత చెప్పినాను గదా, దాని కింద పొగకు కండ్లు తుడుచుకుంటా కూర్చున్న మనిషి ఇందాకటి నా లెక్కలో లేదు. చెంబుకు 58 చెంబులని లెక్క కట్టినాను. మొదటి చెంబు మోసిందెవరని కట్టలేదు.

"నాకైతే ఆ గ్యాసుదైనా సరే, రబ్బరుదైనా సరే, ఏదో ఒకటి పెట్టించండి. వంటింట్లో" అనేసి ఆమె లోపలికి పోయింది.

అయినా నేను సణగడం మానలేదు, ఈ వయసులో మానితే ఏదో జబ్బనుకుంటారు. పక్కింటాయనతో మాట్లాడి వేడిపెట్టెను పైకి, మిద్దె పిట్టగోడ మీదికి మార్పించే ఏర్పాటు చేసినాను. పైపుకు అయ్యే ఖర్చు చెరిసగం. అది అయ్యేదాకా అరుగు వదిలి వేపచెట్టు దిక్కు మంచం వేసుకున్నాను. పద్దెనిమిదిలో పెట్టే ఏసీని ఇరవైనాలుగులో పెట్టుకోమన్నాను. 2020 నుంచి కొత్త ఏసీలన్నీ వేయగానే ఇరవైనాలుగు దగ్గరే మొదలుకావాలని ప్రభుత్వమే చెప్పింది గదా అని కూడా అన్నాను. ఇరవైరెండుకు ఒప్పుకున్నాడు.

పొద్దున్నే కొత్త కుండలో నీళ్లు ఇప్పుడు నేనే పోస్తాను. కొళాయి వాకిట్లోనే, పది అడుగులు. రెండో బిందెకే మోకాలు కలుక్కుమంటుంది. కొళాయిని ఇంత దూరంలో ఎవడు పెట్టినాడప్పా అని గొణుక్కుంటా ఉంటే లోపల్నుంచి గొంతు వినపడుతుంది.

"గుడ్డ కూడా తడుపయ్యా. ఊరికే పోస్తే చల్లబడవు."